లీటరు ధర – ఎకరం దుక్కి: చమురు సంస్థల లాభాలు, వ్యవసాయపు ఇంధన పరాధీనత

2021 జూన్‌లో రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్‌లో లీటరు డీజిల్ ధర వంద రూపాయలు దాటింది. దేశంలో డీజిల్ ఆ హద్దును దాటడం అదే ప్రథమం. మరుసటి నెల 8వ తేదీన సంయుక్త కిసాన్ మోర్చా పిలుపు మేరకు రైతులు ట్రాక్టర్లను, ఖాళీ గ్యాస్ సిలిండర్లను రహదారుల పక్కన నిలిపి రెండు గంటలపాటు నిరసన తెలిపారు. మూడేళ్లు తిరగకముందే మరొక అంకె ప్రజల నోట నానింది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ప్రభుత్వ రంగంలోని మూడు చమురు విక్రయ సంస్థల నికర లాభం కలిపి సుమారు 81,000 కోట్ల రూపాయలు. తాము చెల్లించిన ప్రతి లీటరు ధరలోనూ ఆ లాభంలో కొంత భాగం దాగి ఉన్నదన్న భావన వాహనదారులలోనూ, రైతులలోనూ బలంగా నాటుకుపోయింది.

ఈ ఆగ్రహాన్ని అర్థశాస్త్ర విషయంగా ఎంచి వ్యవసాయ శాస్త్రవేత్తలు పక్కన పెట్టడం పరిపాటి. డీజిల్ ధర సేద్య విభాగం చేతిలో లేదన్న మాట నిజమే. అయితే ఒక ఎకరానికి ఎన్ని లీటర్లు కావాలన్నది దుక్కి పద్ధతి, పంటల క్రమం, నీటి యాజమాన్యం, ఎరువుల మోతాదులపై ఆధారపడి ఉంటుంది. ఇవన్నీ సేద్య శాస్త్రం నిత్యం బోధించే విషయాలే. ఇంధన వ్యయం అనే గుణకారంలో ధర ఒక అంకె అయితే లీటర్లు రెండవ అంకె. మొదటి దానిపై పారదర్శకతను కోరుతూనే, రెండవ దానిని పొలంలో కొలిచి తగ్గించే బాధ్యతను పరిశోధన, విస్తరణ విభాగాలు స్వీకరించవలసి ఉన్నది.

ఆగ్రహానికి ఆధారం ఏమిటి?

పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణను 2010 జూన్‌లోనూ, డీజిల్ ధరపై 2014 అక్టోబరులోనూ తొలగించారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరలను ప్రతిరోజూ సవరించే విధానం అమలులోకి వచ్చింది. అంతర్జాతీయ ధర పెరిగితే వినియోగదారుడు భరిస్తాడు, తగ్గితే ఆ మేలు అతనికే దక్కుతుంది అన్నది ఈ విధానానికి మూలసూత్రం. ఆచరణలో ఈ సూత్రం ముఖ్యమైన మూడు సందర్భాలలో నిలబడలేదు.

మొదటిది 2020. ఆ ఏడాది ఏప్రిల్‌లో భారతదేశం కొనే ముడిచమురు సగటు ధర పీపాకు 20 డాలర్ల కంటే దిగువకు పడిపోయింది. కేంద్ర ప్రభుత్వం డీజిల్‌పై ఎక్సైజ్ సుంకాన్ని మార్చిలో లీటరుకు 3 రూపాయలు, మే నెలలో 13 రూపాయలు పెంచింది. ఫలితంగా సుంకం లీటరుకు 31 రూపాయల 83 పైసలకు చేరింది. ముడిచమురు చౌక అయినా బంకులో ధర దిగిరాలేదు. తరువాత ముడిచమురు పెరిగినప్పుడు ఆ పెరుగుదల అంతా ఈ అధిక సుంకంపై పేరుకున్నది. 2021 నాటి వంద రూపాయల డీజిల్‌కు మూలం ఇక్కడే ఉన్నది. సుంకాన్ని 2021 నవంబరులో 10 రూపాయలు, 2022 మే నెలలో 6 రూపాయలు తగ్గించారు.

రెండవది 2022-24 మధ్య కాలం. ఉక్రెయిన్ యుద్ధం తరువాత 2022 జూన్‌లో ముడిచమురు సగటు ధర పీపాకు 116 డాలర్లకు పెరిగింది. అయినా 2022 ఏప్రిల్ 6 తరువాత చమురు సంస్థలు తమంతట తాముగా చిల్లర ధరను సవరించలేదు. ఆ ఏడాది ఏప్రిల్ – సెప్టెంబరు మధ్య మూడు సంస్థలూ కలిపి సుమారు 21,200 కోట్ల రూపాయలు నష్టపోయాయి. వంట గ్యాస్ అమ్మకాలలో వచ్చిన నష్టాలకుగాను కేంద్రం అక్టోబరులో 22,000 కోట్ల రూపాయల గ్రాంటును ప్రకటించింది. ఆ తరువాత ముడిచమురు దిగివచ్చింది. 2022-23లో పీపాకు సగటున 93 డాలర్లుగా ఉన్న ధర 2023-24లో 83 డాలర్లకు చేరువైంది. చిల్లర ధర మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఇండియన్ ఆయిల్ 39,619 కోట్లు, భారత్ పెట్రోలియం 26,673 కోట్లు, హిందుస్థాన్ పెట్రోలియం 14,694 కోట్లు లాభం ప్రకటించింది ఆ సంవత్సరమే. 2024 మార్చి 15న, లోక్‌సభ ఎన్నికలకు కొద్ది వారాల ముందు, లీటరుకు 2 రూపాయలు తగ్గించారు.

మూడవది 2025 ఏప్రిల్. ముడిచమురు మళ్లీ తగ్గుముఖం పట్టినప్పుడు కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు 2 రూపాయలు పెంచింది. చిల్లర ధర పెరగలేదు, తగ్గనూ లేదు. తగ్గవలసిన భాగం పన్నులో కలిసిపోయింది.

ఈ వివరాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇరుపక్షాల వాదనలోనూ కొంత సత్యం కనిపిస్తుంది. ధరలు మండిపోయిన కాలంలో సంస్థలు నష్టాన్ని మోశాయన్నది వాస్తవం. ధరలు తగ్గిన కాలంలో వినియోగదారుడు ఆ నష్టాన్ని తిరిగి పూడ్చాడన్నదీ వాస్తవమే. 2024-25లో మూడు సంస్థల లాభం సుమారు 33,600 కోట్లకు తగ్గడం గమనిస్తే, ఒక్క ఏడాది అంకెను పట్టుకుని తీర్పు చెప్పరాదని తెలుస్తుంది. అట్లే 81,000 కోట్లను అమ్మిన డీజిల్ లీటర్లతో భాగించి లీటరు లాభం ఇంత అనడం సరికాదు. ఆ లాభంలో శుద్ధి కర్మాగారాల ఆదాయం, విమాన ఇంధనం, పెట్రో రసాయనాల వంటి ఇతర ఉత్పత్తుల ఆదాయం కూడా కలిసి ఉన్నాయి. పైగా ఈ సంస్థలలో ప్రధాన వాటాదారు ప్రత్యక్షంగానో, ఓఎన్‌జీసీ ద్వారా పరోక్షంగానో కేంద్ర ప్రభుత్వమే. అందువల్ల పన్ను రూపంలోనూ, డివిడెండు రూపంలోనూ రాబడి చేరే ఖజానా ఒక్కటే.

కాబట్టి ప్రజల ఫిర్యాదులో గట్టి అంశం వేరే ఉన్నది. ధరల మార్పును ఎవరు, ఎప్పుడు, ఎంతవరకు భరించాలో ముందుగా ప్రకటించిన నియమం ఏదీ లేదు. నియంత్రణ కాగితంపై తొలగింది, నిర్ణయం మాత్రం ప్రకటన లేకుండానే సాగుతున్నది. ఖరీఫ్ పెట్టుబడిని మే నెలలోనే అంచనా వేసుకోవలసిన రైతుకు ఈ అనిశ్చితి స్వయంగా ఒక వ్యయం.

బంకు నుంచి పొలానికి

డీజిల్ వస్తు, సేవల పన్ను పరిధిలో లేదు. కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని, రాష్ట్రాలు విలువ ఆధారిత పన్నును విధిస్తాయి. తెలంగాణలో డీజిల్‌పై ఈ పన్ను 27 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతం పన్నుతోపాటు లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, ఒక రూపాయి రహదారి సెస్సు ఉన్నాయి. 2024 మార్చి తగ్గింపు తరువాత కూడా హైదరాబాదులో లీటరు డీజిల్ 95 రూపాయల పైనే నిలిచింది. దుక్కి దున్నే ట్రాక్టరుకూ, నగరంలో తిరిగే కారుకూ బంకులో ధర ఒక్కటే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో సముద్ర మత్స్యకారుల పడవలకు ఇచ్చే డీజిల్ రాయితీని లీటరుకు 6.03 రూపాయల నుంచి 9 రూపాయలకు పెంచింది. కర్ణాటక 2022-23 బడ్జెట్‌లో ‘రైత శక్తి’ పేరుతో ఎకరానికి 250 రూపాయల వంతున 5 ఎకరాల వరకు డీజిల్ సాయం ప్రకటించింది. వర్షాభావ సంవత్సరాలలో బీహారు నీటి తడులకు డీజిల్ రాయితీ ఇస్తున్నది. ఈ ఉదాహరణలను బట్టి, ఉత్పత్తికి వాడే ఇంధనాన్ని వేరుగా చూడడం పాలనాపరంగా అసాధ్యం కాదని స్పష్టమవుతున్నది.

అయితే తెలుగు రాష్ట్రాలలో రైతుల్లో అధికులు డీజిల్‌ను నేరుగా కొనరు. వారు కొనేది దుక్కి గంట, దమ్ము ఎకరం, కోత గంట. ఇంధన ధర బాడుగలోకి చొరబడి వారిని చేరుతుంది. డీజిల్ పెరిగిన సీజనులో బాడుగ పెరుగుతుంది. తగ్గినప్పుడు అంతే వేగంగా దిగిరాదన్నది పల్లెల్లో అందరి అనుభవం. ఇందుకు కారణాన్ని ఒక ఊహాత్మక లెక్కతో గ్రహించవచ్చు. రోటవేటరు తగిలించిన ట్రాక్టరు గంటకు 5 లీటర్లు వాడుతున్నదనుకుందాం. 2021 నవంబరు, 2022 మే నెలల సుంకం తగ్గింపులు కలిపి లీటరుకు 16 రూపాయలు, అంటే గంటకు 80 రూపాయలు. బాడుగలు వందల లెక్కన పలుకుతాయి కాబట్టి అంత చిన్న తగ్గుదల బేరంలో కనిపించదు. ఆ రెండు తగ్గింపుల మధ్య, 2022 మార్చి – ఏప్రిల్‌లలో, చమురు సంస్థలు లీటరుకు 10 రూపాయలు పెంచాయి కూడా. ట్రాక్టరు యజమానికి బ్యాంకు వాయిదాలు, డ్రైవరు జీతం, విడిభాగాల ధర వేరుగా ఉన్నాయి. అతనిని నిందించడానికి లేదు. కానీ సుంకం తగ్గింపు అనే విధాన నిర్ణయం సన్నకారు రైతు పొలం గట్టు దాకా రాకుండానే ఆగిపోతున్నదని అంగీకరించాలి.

ఈ భారం కౌలు రైతుపై మరింత ఎక్కువ. పెట్టుబడి సాయం సాధారణంగా భూమి పట్టా ఉన్నవారి ఖాతాకు చేరుతుంది. దుక్కి, కోత బాడుగలు మాత్రం సాగు చేసేవాడు చెల్లిస్తాడు.

అరక నుంచి ట్రాక్టరుకు

ఇంధన పరాధీనత ఒక్క తరంలో వచ్చిన మార్పు. 1960-61లో దేశ వ్యవసాయానికి అందుబాటులో ఉన్న శక్తిలో సుమారు 92 శాతం మనుషులు, పశువులదే. అప్పుడు హెక్టారుకు 0.30 కిలోవాట్లుగా ఉన్న శక్తి లభ్యత 2016-17 నాటికి 2.02 కిలోవాట్లకు చేరింది. పెరిగిన శక్తి దాదాపు అంతా ట్రాక్టరు, మోటారు, ఆయిల్ ఇంజనుల నుంచి వచ్చినదే. 2013లో పెట్రోలియం ప్రణాళిక, విశ్లేషణ విభాగం కోసం జరిగిన సర్వే ప్రకారం దేశంలోని డీజిల్‌లో 70 శాతం రవాణాకు, సుమారు 13 శాతం వ్యవసాయానికి ఖర్చవుతున్నది. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి మించి దిగుమతే. అంటే కృష్ణా డెల్టాలోని దమ్ము మడికీ, పర్షియన్ గల్ఫ్‌లోని ఓడరేవుకూ మధ్య విడదీయరాని సంబంధం ఏర్పడింది.

ఈ మార్పును వెనక్కు తిప్పాలని ఎవరూ కోరరు. ఎడ్ల జతకు ఏడాది పొడవునా మేత కావాలి, పని మాత్రం కొన్ని వారాలే. తొలకరి పదునులో పది రోజుల్లో విత్తవలసిన చెలకలో ట్రాక్టరు చేసే మేలు కాదనలేనిది. ఆలోచించవలసినది యంత్రం వాడాలా వద్దా అన్నది కాదు, యంత్రంతో చేసే ప్రతి పనీ పంటకు నిజంగా అవసరమా అన్నది. శక్తి చౌకగా ఉన్న కాలంలో అలవాటైన అదనపు దుక్కులు శక్తి ఖరీదైన తరువాత కూడా కొనసాగుతున్నాయి.

లీటర్లలో సాగు ఖర్చు

సాగు ఖర్చును రూపాయలలో లెక్కించడం అలవాటు. రూపాయల లెక్కలో రాయితీలు వాస్తవాన్ని కప్పివేస్తాయి. శక్తి లెక్కలో ఆ తెర తొలగుతుంది. భారతీయ వ్యవసాయ శక్తి అధ్యయనాలలో స్థిరపడిన గుణకాల ప్రకారం డీజిల్ లీటరుకు 56.31, నత్రజని కిలోకు 60.6, భాస్వరం కిలోకు 11.1, పొటాష్ కిలోకు 6.7, విద్యుత్తు యూనిట్‌కు 11.93, మనిషి శ్రమ గంటకు 1.96 మెగాజౌళ్లు.

వరికి హెక్టారుకు 120 కిలోల నత్రజని వేస్తే దానిలోని శక్తి 7,272 మెగాజౌళ్లు. ఇది దాదాపు 129 లీటర్ల డీజిల్‌కు సమానం. సాధారణ దుక్కికి, దమ్ముకు కలిపి అయ్యే డీజిల్ కంటే ఇది చాలా ఎక్కువ. నత్రజని గుణకం పాత కర్మాగారాల సామర్థ్యం ఆధారంగా ఏర్పడినది కనుక నేటి యూనిట్లలో కొంత తక్కువ ఉండవచ్చు. 2015 నూతన యూరియా విధానం టన్ను యూరియాకు 5.5 నుంచి 6.5 గిగా కేలరీల పరిమితులను నిర్దేశించింది. ఆ లెక్కన కూడా కిలో నత్రజనికి 50 నుంచి 59 మెగాజౌళ్లు పడుతుంది. యూరియాకు ముడిసరుకు సహజ వాయువు. అందులో పెద్ద భాగం ద్రవీకృత రూపంలో దిగుమతి అవుతున్నది. బస్తా ధర నిలకడగా ఉన్నందువల్ల ఈ పరాధీనత రైతుకు కనిపించదు, ఖజానాకు మాత్రం ప్రతి ఏటా కనిపిస్తుంది.

ఈ దృష్టితో చూస్తే జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైర్లు భూసార విషయానికే పరిమితం కావు. సిఫారసు చేసిన నత్రజనిలో నాలుగవ వంతును, అంటే 30 కిలోలను, పచ్చిరొట్ట ద్వారా సమకూర్చుకోగలిగితే హెక్టారుకు 32 లీటర్ల డీజిల్‌కు సమానమైన శక్తి ఆదా అవుతుంది. పచ్చిరొట్టను విత్తడానికి, కలియదున్నడానికి అయ్యే ఇంధనాన్ని ఇందులోంచి మినహాయించి నికర ఆదాను చెప్పడం శాస్త్రీయం. ఆకు రంగుల పట్టికను అనుసరించి యూరియా వేయడం వల్ల మిగిలే ప్రతి బస్తానూ ఇదే విధంగా లెక్కకు తేవచ్చు.

దున్నని మాగాణి చెప్పే పాఠం

తక్కువ ఇంధనంతో పంట పండించడం తెలుగు రైతుకు కొత్త కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న పైరులో మినుము, పెసర చల్లడం తరతరాల ఆచారం. ఆ పంటకు దుక్కి లేదు, నీటి తడి లేదు, నత్రజని అవసరం నామమాత్రం. మాగాణిలో మిగిలిన తేమే దాని పెట్టుబడి. శక్తి సామర్థ్యంలో దీనికి సాటి రాగల పద్ధతులు అరుదు.

ఈ పద్ధతిని దెబ్బతీసిన కారణాలలో పల్లాకు తెగులు, బంగారు తీగ, కాలువ నీరు ఆలస్యం కావడంతోపాటు కోత యంత్రం కూడా ఉన్నది. యంత్రం చక్రాలు మొలకలను నలిపి, తేమ నేలలో గాడులు చేస్తాయి. దానితో మొక్కల సాంద్రత తగ్గుతుంది. ఒక పనిలో చొరబడిన డీజిల్ మరొక పనిలో డీజిల్ అవసరం లేని పద్ధతిని తొలగించడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ. యంత్ర కోతకు అనుకూలంగా, కోత తరువాత దున్నకుండానే విత్తే పరికరాలతో మినుమును నిలబెట్టే ప్రయత్నాలు అందుకే ప్రాధాన్యం పొందాలి.

ఈ ఖాళీలోనే గుంటూరు, కృష్ణా మాగాణులలో దున్నకుండా మొక్కజొన్న సాగు వ్యాపించింది. వరి కోసిన తరువాత తేమ ఉన్న నేలలో వరుసలుగా రంధ్రాలు చేసి విత్తనం వేస్తారు. దుక్కి ఖర్చు లేదు, రెండు వారాల సమయం కలిసివస్తుంది. సింధు – గంగా మైదానంలో దున్నకుండా గోధుమ విత్తినప్పుడు హెక్టారుకు సుమారు 36 లీటర్ల డీజిల్ ఆదా అయినట్లు అధ్యయనాలు నమోదు చేశాయి. తీరాంధ్ర మొక్కజొన్నలోనూ దుక్కి లేనంత మేరకు ఆదా నిస్సందేహం.

అయినా పూర్తి లెక్క వేస్తే కథ మరికొంత ఉన్నది. రబీ మొక్కజొన్నకు హెక్టారుకు 200 కిలోల నత్రజని వేస్తే అది 12,120 మెగాజౌళ్లు, అంటే 215 లీటర్ల డీజిల్‌కు సమానం. దుక్కిలో మిగిల్చినదానికి ఎన్నో రెట్లు ఎరువులో ఖర్చయింది. మొక్కజొన్న దిగుబడి మినుముకు ఎన్నో రెట్లు కాబట్టి క్వింటాలుకు లెక్కిస్తే చిత్రం మళ్లీ మారుతుంది. మినుము గింజలోని మాంసకృత్తులను, తరువాతి పంటకు మిగిలే మేలును కలిపితే ఇంకొకసారి మారుతుంది. ‘దున్నకుండా సాగు’ అన్న పేరు చూసి ఇంధన ఆదా అని ముద్ర వేయరాదు. హెక్టారుకు, క్వింటాలుకు, రూపాయి నికరాదాయానికి, ఈ మూడు ప్రమాణాలలోనూ కొలిచిన తరువాతనే సిఫారసు చేయాలి. కలుపును పూర్తిగా రసాయనాలకే వదలడం వల్ల వచ్చే సమస్యలు కూడా ఈ తూకంలో చేరాలి.

దమ్ము, కోత, నీరు

వరిలో ఇంధనం అధికంగా ఖర్చయ్యే పని దమ్ము. నేరుగా విత్తే వరిలో ఈ పని తప్పుతుంది, నారుమడి, నాట్ల కూలీ కూడా తప్పుతాయి. కాలువ నీటి విడుదల ఆలస్యమయ్యే ఆయకట్టులో పొడి దుక్కిలో వెదజల్లి వర్షంతో మొలిపించడం రైతులే ఎంచుకున్న మార్గం. కలుపు ఉధృతి, తేలిక నేలల్లో ఇనుపధాతు లోపం, ఎగుడుదిగుడు మడిలో మొలక చెడిపోవడం దీని పరిమితులు. మొలకకు ముందు కలుపు మందును సరైన తేమలో వేయగలిగిన చోట, చదును చేసిన మడిలో, బరువు నేలలో దీనిని ప్రోత్సహించవచ్చు. ఇసుక నేలల్లో తొందరపడరాదు. దమ్ము తప్పనిసరి అయిన చోట కూడా సాళ్ల సంఖ్యను తగ్గించే అవకాశం ఉన్నది. మట్టి మెత్తబడి, నీరు ఇంకడం తగ్గిన తరువాత వేసే ప్రతి అదనపు చాలు అలవాటే తప్ప అవసరం కాదు.

కోత వ్యయం నీటి యాజమాన్యంతో ముడిపడి ఉన్నది. గింజ గట్టిపడిన తరువాత, కోతకు సుమారు పది రోజుల ముందు నీరు తీసివేసిన మడిలో చక్రాల యంత్రం తిరుగుతుంది. బురద మిగిలిన మడిలో గొలుసు యంత్రం కావాలి. దాని బాడుగ ఎక్కువ, గంటకు కోసే విస్తీర్ణం తక్కువ. ఒకే చెరువు కింద, ఒకే బోదె కింద రైతులు ఒకే కాలపరిమితి గల రకాన్ని ఒకే వారంలో వేస్తే యంత్రం పొలం నుంచి పొలానికి తిరిగే ఇంధనం కూడా మిగులుతుంది.

తెలుగు రాష్ట్రాలలో భూగర్భ జలాలను తోడేది ఎక్కువగా విద్యుత్తు మోటార్లే. డెల్టా శివారు భూములలో మురుగు కాలువల నుంచి, పంట కాలువల నుంచి నీటిని ఎత్తడానికి ఆయిల్ ఇంజన్లు ఇప్పటికీ ఆధారం. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్ల నీరు. దానిని 6 మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతరీత్యా కావలసినది 12 మెగాజౌళ్లే. డీజిల్‌లోని ఉష్ణశక్తి లీటరుకు సుమారు 36 మెగాజౌళ్లు. పైన చెప్పిన 56.31 కందెన వంటివాటిని కూడా కలుపుకున్న గుణకం. ఇంజను, పంపు కలిసి 12 శాతం సామర్థ్యంతో పనిచేస్తే తడికి 2.75 లీటర్లు ఖర్చవుతుంది. ఘర్షణ తక్కువ గల ఫుట్‌వాల్వు, తగిన వ్యాసం గల పీవీసీ గొట్టం, అనవసరమైన వంపుల తొలగింపు ద్వారా సామర్థ్యాన్ని 15 శాతానికి తెస్తే అది 2.2 లీటర్లకు తగ్గుతుంది. ఒక పంటకాలంలో పది తడులకు ఎకరానికి అయిదు లీటర్లకు పైగా మిగులుతుంది. మడిని ఎండ, తడి పద్ధతిలో ఉంచి తడుల సంఖ్యనే తగ్గిస్తే మేలు ఇంకా ఎక్కువ.

సౌర పంపులు

2019లో ప్రారంభమైన పీఎం కుసుమ్ పథకం విద్యుత్తు అందని ప్రాంతాలలోని డీజిల్ పంపుల స్థానంలో సౌర పంపులను ప్రోత్సహిస్తున్నది. చమురు ధరల నుంచి విముక్తికి ఇది నిజమైన దారి. అయితే ఒక హెచ్చరిక అవసరం. డీజిల్ పంపును రైతు అవసరమైనంత సేపే నడుపుతాడు, ఎందుకంటే ప్రతి గంటకూ ఖర్చు ఉన్నది. సౌర పంపు ఒకసారి బిగించిన తరువాత నీటికి ధర ఉండదు. ఉచిత విద్యుత్తు తరువాత బోరు బావుల కింద వరి విస్తరించిన అనుభవం తెలుగు రాష్ట్రాలకు ఉన్నది. కాలువ నుంచి నీటిని ఎత్తే చోట, నీటిమట్టం పైన ఉన్న డెల్టాలో సౌర పంపును నిస్సంకోచంగా సూచించవచ్చు. గట్టి రాతి ప్రాంతాలలో మాత్రం బిందు, తుంపర సేద్యంతో, ఆరుతడి పంటలతో ముడిపెట్టి సూచించాలి. చమురు పరాధీనతను నీటి కొరతతో మార్చుకోవడం లాభసాటి బేరం కాదు.

విస్తరణ ముందున్న పని

ప్రదర్శన క్షేత్రాల నివేదికలలో విత్తన మోతాదు, ఎరువులు, దిగుబడి, రాబడి – వ్యయ నిష్పత్తి ఉంటాయి. ఇంధనం ‘యంత్ర ఖర్చు’ అన్న గడిలో కలిసిపోతుంది. ప్రతి ప్రదర్శనలోనూ పనివారీగా వాడిన డీజిల్ లీటర్లకు ఒక గడి కేటాయించడం మొదటి మెట్టు. ట్యాంకును పని ముందు నింపి, పని ముగిసిన తరువాత మళ్లీ అదే మట్టం దాకా నింపి, పోసిన లీటర్లు రాసుకుంటే చాలు. దీనికి ఖరీదైన పరికరం అక్కరలేదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి వెళ్లే బి.ఎస్‌సి. అగ్రికల్చర్ విద్యార్థులకు ఇది చక్కని అభ్యాసం. ఒక మండలంలో పది పొలాల లెక్క ఒక పంటకాలంలో సమకూరితే ఎక్కడ లీటర్లు వృథా అవుతున్నాయో తెలిసిపోతుంది.

రెండవ మెట్టు బాడుగల నమోదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, అద్దె యంత్ర కేంద్రాలు ప్రతి సీజను ఆరంభంలో గంటకు బాడుగ ఎంత, అందులో డీజిల్ భాగం ఎంత అన్నది బోర్డుపై రాస్తే, ధర పెరిగినప్పుడు ఎంత పెంచాలో, తగ్గినప్పుడు ఎంత తగ్గించాలో ఇరుపక్షాలకూ ఒక కొలబద్ద ఏర్పడుతుంది. దేశస్థాయిలో చమురు ధరకు లేని నియమాన్ని గ్రామస్థాయిలో బాడుగకు ఏర్పరచుకోవడం సాధ్యమే. సుంకం తగ్గింపు ప్రయోజనం సాగుదారుకు చేరిందా లేదా అన్న ప్రశ్నకు కూడా అప్పుడు ఆధారంతో సమాధానం చెప్పవచ్చు.

మూడవది యంత్రం నడిపేవారి శిక్షణ. శిక్షణ తరగతులకు రైతులను పిలుస్తున్నాము గాని స్టీరింగు పట్టే డ్రైవర్లను పిలవడం అరుదు. పనికి తగిన గేరు, టైర్లలో సరైన గాలి, చక్రం జారడం 15 శాతం మించకుండా తగిన బరువు, గాలి వడపోత శుభ్రత, పొలం పొడవు వెంబడి చాలు వేయడం ఇవన్నీ అతని చేతిలో ఉన్నాయి. ఎకరం బాడుగకు పనిచేసే చోట ఇంధనం మిగిలితే ఆ లాభం యజమానిదే కనుక ఈ శిక్షణకు ఆదరణ లభిస్తుంది.

నాల్గవది విధాన రంగానికి అందవలసిన సమాచారం. వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ మద్దతు ధరల సిఫారసులకు సాగు వ్యయాన్ని పరిగణనలోకి తీసుకుంటుంది. పంటవారీగా, నేలవారీగా ఎకరానికి ఎన్ని లీటర్లు అన్న నమ్మదగిన లెక్క ఉంటే, డీజిల్ ధరలో ప్రతి రూపాయి పెరుగుదలకు క్వింటాలు వ్యయం ఎంత పెరుగుతుందో వెంటనే చెప్పవచ్చు. రైతుకు ప్రత్యేక డీజిల్ సాయం కావాలన్న కోరికకు కూడా అప్పుడు నినాదం స్థానంలో అంకె నిలబడుతుంది.

చమురు సంస్థల లాభనష్టాల పట్టిక ప్రతి మూడు నెలలకు ఒకసారి ప్రకటితమవుతున్నది, దానిపై చర్చా జరుగుతున్నది. ఎకరం వరికి, ఎకరం మొక్కజొన్నకు, ఎకరం మినుముకు ఖర్చయిన లీటర్ల పట్టిక మాత్రం ఏ మండలంలోనూ గోడ మీద కనిపించదు. ఆ పట్టికను రాయవలసినవారు బంకు యజమానులు కారు, మంత్రులు కారు. పొలంలో కొలిచే శిక్షణ పొందినవారే దానిని రాయాలి. రానున్న ఖరీఫ్ ప్రదర్శన క్షేత్రాలకు ప్రణాళిక వేసుకునే ఈ సమయమే అందుకు అనువైనది.